పాతబండి పుట్టుపూర్వోత్తరములు

మన్యపు సంతలో ఎద్దును కొనువాడు మొదట దాని కొమ్ములు చూడడు, పండ్లు చూచును. దవడ పట్టి నోరు తెరిపించి, పాలపండ్లు ఎన్ని రాలినవో, గట్టిపండ్లు ఎన్ని వచ్చినవో లెక్కించును. రెండుపండ్ల కోడె యనియు, నాలుగుపండ్ల కోడె యనియు, ఆరుపండ్ల కోడె యనియు పేరు పెట్టి, దానినిబట్టి బేరమాడును. పిమ్మట సుడులు చూచును. కాడి మోసిన మెడ తడవి చూచును. నాలుగడుగులు నడిపించి, వెనుక కాలు ఈడ్చుచున్నదా యని కనిపెట్టును. అమ్మువాడు చెప్పు వయస్సొకటి, పండ్లు చెప్పు వయస్సొకటి. రెండును కలియనిచో బేరము చెడును.

మోటారుబండికి పండ్లు లేవు. దాని వయస్సును, దాని రోగములను చెప్పునది కాగితము. ఆ కాగితము మన దేశమునకు ఎప్పుడు వచ్చినదో, కొండమీదికి ఎట్లు ఎక్కినదో, కొనువాడు దానిని ఎందులకు చదువవలెనో ఈ పూట శ్రోతలకు మనవి చేయదలచితిని. ఈ విషయము నా బుఱ్ఱకు ఎక్కుటకు కారణము మా మేనల్లుడు. గత సంవత్సరము వాడు అరకులో ఒక పాత కమాండరు జీపు కొనబోయెను. కాఫీగింజలు అమ్మగా వచ్చిన సొమ్ము కొంత, వాళ్లమ్మ దాచినది కొంత, అప్పు కొంత. సంతలకు మనుష్యులను చేరవేసి బ్రతుకవచ్చునని వాని యాశ. ఆ బేరమునకు సాక్షిగా నన్ను పిలిచెను. ఆ కథ చివర చెప్పుదును. ముందు త్రోవ కథ చెప్పవలెను; త్రోవ లేనిదే బండి లేదు.

విశాఖపట్టణపు ఏజెన్సీలో త్రోవలు వేడుకగా పుట్టినవి కావు. 1839 నాటి 24వ చట్టము మొదలు ఈ కొండలు కలెక్టరు చేతిలో, గవర్నరుగారి యేజెంటు అను హోదాతో, ప్రత్యేకముగ పాలింపబడుచు వచ్చెను. కాలిబాటయే రాజమార్గము, మోసెడివారి భుజములే బండ్లు. సర్కారువారికి బాటలు కావలసివచ్చినపుడు ఆ పని కొండవారి మెడకు చుట్టుకొనెను. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నమునుండి కొండమీదికి బాట వేయించుచు, కూలివారికి న్యాయమైన కూలి ఈయక పీడించెననునది 1922 నాటి మన్యపు తిరుగుబాటునకు గల కారణములలో ముఖ్యమైనదిగా చరిత్రకారులందఱును వ్రాసియున్నారు. ఆ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు తన మనుష్యులతో చింతపల్లి పోలీసుస్టేషనుపై బడెను. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. మనము నేడు కిటికీలోనుండి వినోదముగా చూచు మలుపుల వెనుక ఇటువంటి చెమట యున్నదని శ్రోతలు మరువరాదు.

ఇక చట్టమునకు వత్తము. మోటారు బండ్లకు హిందూదేశమంతటికి వర్తించు మొదటి చట్టము 1914 నాటిది. బండికి నంబరు, నడుపువానికి లైసెన్సు ఉండవలెనని అది శాసించెను. తక్కిన నియమములు చేసికొను భారము రాష్ట్ర ప్రభుత్వములకు వదలివేసెను. అప్పటికి మోటారు జమీందారుల వాహనము. దాని బ్రేకులు పట్టకపోయినచో బాధపడువారు కొద్దిమంది. బస్సులు, లారీలు పెరిగిన కొలదిని బాధపడువారి సంఖ్యయు పెరిగెను. 1939 నాటి చట్టము ఈ విషయమై మొదటిసారి గట్టిగా మాటలాడెను. కిరాయికి తిరుగు బండికి, సామాను మోయు బండికి, అది త్రోవమీద తిరుగుటకు తగియున్నదని అధికారి పరీక్షించి యిచ్చిన పత్రము ఉండవలెను. అది లేనిచో, రిజిస్ట్రేషను ఉన్నను లేనట్లే. ఇదియే మనము నేడు ఫిట్‌నెస్ సర్టిఫికెట్టని పిలుచునది. డ్రైవర్ల భాషలో ఎఫ్.సి. పరీక్షించు ఉద్యోగికి సర్కారు పెట్టిన పేరు మోటారు వాహనముల ఇన్‌స్పెక్టరు; తెలుగువారు పెట్టిన పేరు బ్రేకు ఇన్‌స్పెక్టరు. నాకు రెండవ పేరే నచ్చును. ఆ యుద్యోగమున ప్రాణమువంటి పని యేదో మనవారు ఒక్క మాటలో పట్టుకొనిరి.

దెబ్బతిన్న మూడవవానికి నష్టపరిహారము దొరకుటకై బీమా తప్పనిసరి చేసిన అధ్యాయము కూడ ఆ 1939 చట్టములోనే యున్నది. కాని అది అమలులోనికి వచ్చినది 1946 జులై 1వ తేదీన. నడుమ యుద్ధము వచ్చెను.

ఇచ్చట కొండవారి చరిత్రలో ఒక చిన్న మెలిక కలదు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టము క్రింద విశాఖపట్టణము, ఉభయ గోదావరి జిల్లాల ఏజెన్సీలు పాక్షికముగా మినహాయింపబడిన ప్రాంతములు. శాసనసభ చేసిన యే చట్టమైనను ఆ ప్రాంతమునకు వర్తింపవలెనన్న గవర్నరుగారు వేరుగ ప్రకటింపవలెను. అనగా బండి శృంగవరపుకోట దాటి ఘాటు ఎక్కినంతమాత్రమున, దానితోపాటు చట్టము తనంతట తాను ఎక్కదు. మినహాయింపు కొండవారిని కాపాడుటకని చెప్పబడినది. భూమి విషయమున కాపాడవలసిన యవసరము నిజముగానే యుండెను. స్వాతంత్ర్యానంతరము వచ్చిన 1959 నాటి 1వ రెగ్యులేషను, దానిని 1970లో సవరించిన రెగ్యులేషను, ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు అమ్మరాదని కట్టడి చేసినవి. కాని మైదానమువాడు కొండమీది కుఱ్ఱవానికి పాడుబడిన జీపును అమ్మజూపినచో అడ్డుపడు రెగ్యులేషను ఏదియు లేదు. అచ్చట వాని కన్నే వానికి రక్ష.

యుద్ధకాలమున పెట్రోలు కరవై మన జిల్లాలలో బొగ్గుబస్సులు నడచిన సంగతి పెద్దలు చెప్పగా వినియుందురు. యుద్ధము ముగియగనే మిలిటరీవారు వదలిపోయిన లారీలు, జీపులు వేలములకు వచ్చెను. 1941 మొదలు అమెరికాలో తయారైన జీపులు యుద్ధాంతమునకు 6 లక్షలు దాటినవి; అవి దిగని తీరము లేదు. 1945లో లుధియానాలో పుట్టిన మహీంద్రావారి కంపెనీ 1947లో బొంబాయిలో విల్లీసు జీపులను కూర్చుటకు పూనుకొనెను. యుద్ధములో గుంటలు దాటుటకు చేసిన బండి కొండబాటకు సరిగా అమరెను. నాలుగు చక్రములకును శక్తి యందును. చలువరాళ్ల బాటయైనను బురదయైనను వెనుకాడదు. ఆ జాతి బండ్లు అటవీశాఖవారి వద్ద కొన్నాళ్లు, కంట్రాక్టరు వద్ద కొన్నాళ్లు, మైదానములో మఱికొన్నాళ్లు ఊడిగము చేసి, వార్ధక్యమున కొండ కెక్కుట ఒక యాచారముగా మారెను. 1960లలో కొత్తవలస-కిరండూలు రైలుమార్గము అరకుమీదుగా పడినది. కాని రైలు స్టేషనువద్ద దింపి పోవును. అచ్చటినుండి పల్లెకు జీపే గతి.

ముసలిబండికి కొండ యేమి చేయునో చెప్పవలెను. ఇది తెలియనిదే కాగితము విలువ తెలియదు. మనుష్యులతో కూడ 1,500 కిలోల బరువుగల జీపు 900 మీటర్ల యెత్తు దిగినదనుకొందము. ఆ దిగుటలో వెలువడు శక్తి ఎచ్చటికో పోవలెను గదా! అంతయు వేడిగా మారినచో సుమారు 40 లీటర్ల నీటిని మరిగించును. డ్రైవరు రెండవ గేరులో దిగినచో ఇంజను కొంత మ్రింగును. గాలి కొంత మ్రింగును. న్యూట్రలులో జారవిడిచి పెట్రోలు మిగిల్చితినని సంతోషించినచో ఆ వేడిలో హెచ్చుభాగము బ్రేకు డ్రమ్ములే మ్రింగవలెను. డ్రమ్ము కాలును, లైనింగు పట్టు వదలును. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలది. ఏండ్లతరబడి మార్చనిచో ఆ తేమ వేడికి ఆవిరియై గొట్టములో బుడగలు కట్టును. అప్పుడు పెడలు నేలకంటును, బండి ఆగదు. మైదానములో ఇరువది యేండ్లు తిరిగినను ఈ లోపము బయటపడకపోవచ్చును. గాలికొండ మొదటి మలుపులో బయటపడును.

ఇది పుస్తకములో చదివినది కాదు. 2009లో నేనొక పాత కారు కొంటిని. రంగు బాగుండెను; సీట్ల గుడ్డ కొత్తది. సి-బుక్కు చేతికిచ్చిరి, పేరు చూచితిని, నంబరు చూచితిని, తేదీ చూడనైతిని. సొంతకారుకు మన చట్టములో రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును. పిమ్మట ఇన్‌స్పెక్టరు పరీక్షించి అయిదేసి సంవత్సరములు పొడిగింపవలెను. అనగా, మొదటి 15 ఏండ్లలో ఆ బండి బ్రేకును ప్రభుత్వము తరఫున తొక్కి చూచువాడు లేడు. నా కారు 1993 నాటిది. గడువు 2008లోనే తీరెను. పొడిగించుటకు తీసికొని పోయినచో పరీక్షలో తప్పునని భయపడి కాబోలు, అమ్మినవారు దానిని నాకు అంటగట్టిరి. మూడవ నెలలో అనంతగిరి ఘాటు దిగుచుండగా పెడలు మెత్తబడెను. రెండుసార్లు తొక్కితిని, మూడవసారి పాదమునకు ఇనుప పలక తగిలెను. వెనుక సీటులో నా భార్య పిల్లవానికి నారింజపండు ఒలిచి పెట్టుచుండెను. గేరు తగ్గించి, లోయవైపు విడిచి, కొండవైపు మట్టిగట్టుకు బండి ప్రక్కను రాచితిని. ఆగెను. తలుపు ఒకటి పోయినది. నారింజతొనలు కారంతయు చెదరినవి. ఇంటికి వచ్చి సి-బుక్కు తెరచి చూచితిని. తేదీ అచ్చటనే, నల్లని సిరాతో, స్పష్టముగా నుండెను.

ఆ త్రోవలో అందఱికి నావంటి అదృష్టము పట్టదు. 2021 ఫిబ్రవరి 12వ తేదీ రాత్రి, అరకు చూచి మరలుచున్న హైదరాబాదు యాత్రికుల బస్సు డముకువద్ద లోయలో పడి నలుగురు మరణించిరి. దాని కారణములను విచారించుట నా పని కాదు. ఆ మలుపు దాటునపుడు మాత్రము బస్సులో మాటలు తగ్గును.

విదేశములలో ఈ కాగితపు చరిత్ర వేరు విధముగా నడచినది. జపాను 1951లో చట్టము చేసి సొంతకార్లను కూడ నియమితకాల పరీక్షకు తెచ్చెను. కొత్తకారుకు మూడేండ్లు, పిమ్మట రెండేండ్ల కొకసారి. ఇంగ్లండులో 1960లో మొదలైన పరీక్ష తొలుత పదేండ్లు దాటిన బండ్లకే. క్రమముగా తగ్గి 1967 నాటికి మూడేండ్లు దాటినవాటికెల్ల తప్పనిసరియైనది. నేడచ్చట పాతకారు కొనువాడు నంబరు చెప్పినచో, అది యేయే సంవత్సరము ఏ లోపమువలన పరీక్ష తప్పినదో, అప్పటికి ఎన్ని మైళ్లు తిరిగినదో, పైసా ఖర్చు లేకుండ చదువుకొనవచ్చును. మైళ్లు వెనుకకు త్రిప్పిన వంచకుడు దొరకుట అచ్చటనే: నిరుడు 80 వేలు, ఈ యేడు 50 వేలు తిరిగిన బండి యుండదు గదా! అమ్మువానికి తెలిసినది కొనువానికి తెలియని సంతలో మంచిబండి కూడ చెడ్డబండి ధరకే పోవునని 1970లో అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు జార్జి ఎకర్లాఫ్ నిరూపించి, 2001లో నోబెల్ బహుమాన మందుకొనెను. ఆయన ఉదాహరణముగా గ్రహించినది పాతకార్ల బేరమే. మన సంతలో ఎద్దు దవడ పట్టినవాడు ఆ సంగతి పుస్తకము లేకయే యెఱుగును.

మన దేశమున నేడు అమలులో నున్నది 1988 నాటి చట్టము. 1989 జులై 1నుండి వర్తించుచున్నది. అందు 56వ సెక్షను ఫిట్‌నెస్ సర్టిఫికెట్టును గూర్చినది. 1989 నాటి నియమములలో ఇన్‌స్పెక్టరు చూడవలసిన వానికి పట్టికయే కలదు: దీపములు, అద్దములు, హారను, సైలెన్సరు, వానతుడుపు, పొగ, బ్రేకు, స్పీడామీటరు, స్టీరింగు. కిరాయిబండి కొత్తదైనచో మొదటి పత్రము రెండేండ్లు చెల్లును. ఎనిమిదేండ్లు దాటినదానికి ఏటేట పరీక్ష. కావున పసుపుపలక జీపునకు ఇంచుమించు ఏడాది కొక జాతకము కలదు. తెల్లపలక కారునకు 15 ఏండ్లవరకు లేదు. ఈ భేదము తెలియక, సొంతకారుకు ఎఫ్.సి. ఏదని అడిగి నవ్వులపాలగువారును కలరు. జీపునకు అడుగక ప్రాణము పోగొట్టుకొనువారును కలరు.

పూర్వము ఆ జాతకము బండి యజమాని పెట్టెలో నుండెడిది. నేడు దేశపు రిజిస్టరైన వాహన్‌లో చేరినది. సెల్‌ఫోనులో నంబరు కొట్టినచో ఫిట్‌నెస్ ఎంతవరకు, బీమా ఎంతవరకు, బండి ఏ నెల పుట్టినది కనబడును. కాని ఇంగ్లండువారివలె ఎందుకు తప్పెనో కనబడదు. తేదీ యొక్కటే మన పాలికి వచ్చినది. ఆ తేదీనుండియే చదువుకొనవలెను. మునుపటి ఎఫ్.సి. పత్రములను వరుసగా పెట్టించి, నడుమ ఖాళీ యేదైన నున్నదా యని చూడవలెను. ఖాళీ యున్నచో ఆ కాలమున బండి షెడ్డులో నున్నదా, దొంగతనముగా తిరిగినదా యని అడుగవలెను. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు కాగితముతో అక్షరమక్షరము సరిపోల్చవలెను. అప్పు తీరలేదేమో అడుగవలెను. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖను ఊచకోత కోసినది. నీట మునిగినదా, చెట్టు క్రింద నలిగినదా అను ప్రశ్న ఆనాటికి పుట్టియున్న బండినెల్ల అడుగదగినది. నంబరుపలకలో ఏపీ 31 అని యున్నచో విశాఖ బండియని పూర్వము తెలిసెడిది. 2019లో రాష్ట్రమంతటికి ఏపీ 39 అను ఉమ్మడి వరుస మొదలగుటచే పలకనుబట్టి ఊరు చెప్పు వీలు పోయినది.

ఇక మా మేనల్లుని జీపు. మైదానమునుండి తెచ్చిన బండి. ఏపీ 31 నంబరు. అమ్మువాడు మర్యాదస్తుడు. కాఫీ తెప్పించెను. ఇంజను ఒక్క త్రిప్పుతో పలికెను. "బండి చూడండి బాబూ, కాగితాలదేముంది, ఒక్కరోజు పని" అనెను. నేను ఫోనులో నంబరు కొట్టితిని. ఫిట్‌నెస్ గడువు తీరి రెండు సంవత్సరముల నాలుగు నెలలైనది. తేదీ చూపితిని. "కరోనా రోజుల్లో ఆగిపోయిందండి" అనెను. ఆ రోజులు గడచి యెంతకాలమైనదో వ్రేళ్లపై లెక్కించి చెప్పితిని. ఒక్కరోజు పనియైనచో ఆ పని చేయించి పిమ్మట అమ్ముడంటిని. ఆయన కాఫీగ్లాసులు తీసివేసెను.

మేనల్లుడు నాతో రెండు దినములు సరిగా మాటలాడలేదు. "మామయ్యా, వాడు ఇరవై వేలు తగ్గిస్తానన్నాడు" అని గొణిగెను. నిజమే, తగ్గించుటకు సిద్ధపడుట చూచియే నా యనుమానము బలపడెను. నెల గడచినపిమ్మట వాడు వేఱొక జీపు కొనెను. దాని కాగితములు ఏడేండ్లవి వరుసగా నుండెను. ఒక యేడు మాత్రము పరీక్ష పదునెనిమిది దినములు ఆలస్యమైనది, గేరుపెట్టె విప్పినందున. మెకానిక్కు రసీదు కూడ చూపిరి. ధర నలువది వేలు ఎక్కువ. అమ్మినవారు 29వ ఫారము, కొన్నవారు 30వ ఫారము వ్రాసి, ఆ నెలలోనే పేరు మార్పించుకొనిరి.

మొన్న శుక్రవారము అరకు సంతకు పోయితిని. పసుపు, అల్లము, పిప్పలి, చీపురుకట్టలు, జనము. సంత చివర మఱ్ఱిచెట్టు క్రింద నాకు తెలిసిన జీపు కనబడెను. రంగు మార్చిరి గాని నంబరు మార్చలేదు. ఫోను తీసి చూచితిని, అదే తేదీ. డ్రైవరు ఇరువదియేండ్ల కుఱ్ఱవాడు. ప్రక్కకు పిలిచి చూపితిని. వాడు చాలసేపు ఆ తేదీవంక చూచి, "కొన్నప్పుడు ఎవరూ చెప్పలేదండీ" అనెను. సోమవారము బ్రేకు ఇన్‌స్పెక్టరుగారివద్దకు తీసికొని పోవుదుననెను. అప్పటికే జీపులో పదునలుగురు ఎక్కి కూర్చుండిరి. వెనుక మెట్టుమీద నిలిచిన ముసలవ్వ, పొద్దుపోవుచున్నదని కుఱ్ఱవానిని కేకవేయుచుండెను.